ఎడమచేతికి నచ్చిన ఇనుము

ఆ ఇనుపకడ్డీ మొదటిసారి నా కాలి బొటనవేలి మీద పడినప్పుడు వేలు రుద్దుకుని ఊరుకున్నాను. రెండోసారి కడ్డీని తిట్టాను. నాలుగోసారి దాన్ని తెచ్చిన మరిదిని తిట్టాను. ఏడోసారి పడేసరికి నవ్వు పట్టుకుంది. అరవై ఆరేళ్ళ మనిషిని, నల్లబడిన గోరు పట్టుకుని నేలమీద కూర్చుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. గోడవారగా కూర్చుని ఆకువక్క దంచుకుంటున్న మా అత్త నన్ను చూసి, మరిదితో, “దీనికి కడ్డీ కాలి మీద పడలేదురా, తల మీద పడినట్టుండాది,” అంది.

ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే మొదలుపెడతాను. మా మరిది మద్రాసులో ముప్పై ఏళ్ళు పాటకచేరీల ఆర్కెస్ట్రాలో పెడల్ స్టీల్ గిటారు వాయించాడు. గిటారంటే అందరూ ఒళ్ళో పెట్టుకునేది అనుకుంటారు. ఇది అది కాదు. నాలుగు కాళ్ళ మీద నిలబడే సన్నటి బల్ల. దాని మీద పది తీగలు పడుగు పరిచినట్టు పరిచి ఉంటాయి. కుడిచేతి వేళ్ళకు తొడుగులు పెట్టుకుని తీగలు మీటాలి. ఎడమచేత్తో గుండ్రటి ఇనుపకడ్డీని తీగల మీద ఆనించి అటూ ఇటూ జరపాలి. దాన్ని బారు అంటారు. కింద ఎడమకాలికి మూడు పెడళ్ళు, కుడికాలికి శబ్దం పెంచే పెడలు ఒకటి, అది చాలనట్టు మోకాళ్ళతో పక్కకు నెట్టే రేకులు. పెడలు తొక్కితే తీగ బిగుసుకుని స్వరం పైకి లేస్తుంది. మనిషిలో ఖాళీగా ఉండే భాగం ఒక్క నోరే. దానికి కూడా మా ఇంట్లో పని ఉండనే ఉంది.

మరిదికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రేకుల్ని నెట్టలేక వాయించడం మానేసి, గిటారుబల్లను నగరికి మా ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని పెట్టడానికి ఇంట్లో ఒక్కటే చోటు ఉంది, నా మగ్గం ఉండిన చోటు. మగ్గం తీసేసి, గుంత పూడ్చి, పైన సిమెంటు పూసి అప్పటికి నాలుగేళ్ళు. నేను నలభై ఏళ్ళు ఆ గుంతలో కాళ్ళు పెట్టి, తొక్కుడుకర్రలు తొక్కుతూ కూర్చున్నదాన్ని. మగ్గం పోయాక చేతులకు ఇంటిపని దొరికింది. కాళ్ళకే ఏ పనీ దొరకలేదు. ఎక్కడ కూర్చున్నా మడమలు వాటంతట అవే తొక్కేవి. బస్సులో కూర్చుంటే ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఒకాయన లేచి వేరే సీటుకు పోయాడు కూడా.

ఒక మధ్యాహ్నం ఆ బల్ల దుమ్ము తుడుస్తూ, కింద తుడవడానికి స్టూలు మీద కూర్చున్నాను. కాలు పెడలు మీద పడింది. ఊరికే ఒక తీగ మీటి తొక్కాను. ఆ స్వరం మెట్టు ఎక్కినట్టు పైకి ఎక్కి కూర్చుంది. వదిలాను, దిగింది. తొక్కాను, ఎక్కింది. వదిలి తొక్కి వదిలి తొక్కి ఎంతసేపు ఆడుకున్నానో తెలియదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన నాకు రాలేదు, పక్కింటి వాళ్ళకు వచ్చింది.

మరిది గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను.

“వదినా, ఇంకోతూరి తొక్కు.”

తొక్కాను.

“ఇప్పుడు మొదటిదీ రెండోదీ కలిపి తొక్కు.”

తొక్కాను. మరిది మంచం మీద కూలబడ్డాడు. “నాకు ఆ రెండూ కలిపి తొక్కేదానికి ఆరు నెలలు పట్టింది,” అన్నాడు, ఏదో నేను దొంగిలించినట్టు.

అట్లా నా చదువు మొదలైంది. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట, వయోజనుల బడిలో. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మరిది పెడళ్ళ మీద తెల్లరంగుతో రాసిన మూడే వచ్చు. ఎ, బి, సి. ఆ పైన ఇంకా ఉన్నాయని తెలుసు. ఉండనీ. నాకు కాళ్ళు రెండే.

మూడు నెలల్లో మరిది దగ్గర ఉన్న కాలివిద్య అంతా నా కాళ్ళకు వచ్చేసింది. ఎడమచేయి మాత్రం అ ఆల దగ్గరే ఆగిపోయింది. అది చేసే తప్పు ఒకటే. పెడలు తొక్కగానే ఎడమచేయి బారును రొమ్ముకేసి లాగేసేది. పక్కకు జరగవలసింది నా మీదికి వచ్చేది. వచ్చి ఒళ్ళో పడేది, ఒళ్ళోంచి వేలి మీద పడేది. ఒకసారైతే భుజం మీదుగా ఎగిరి అత్త తమలపాకుల పళ్ళెంలో పడింది.

“శ్రీహరికోటలో వదిలేవాళ్ళు కూడా ముందు సెప్పి వదుల్తారు,” అంది అత్త.

మరిది పద్ధతిగా కారణం వెతికాడు. బారు నున్నగా ఉందన్నాడు. నా చేయి చిన్నదన్నాడు. చెమట అన్నాడు, కొబ్బరినూనె అన్నాడు. నేను మాత్రం ఆ కడ్డీనే అనుమానించాను. అరటిపండంత లావు, అద్దంలా మెరుపు, అరచేతిలో పెట్టుకుంటే పరాయి మనిషి చేయి పట్టుకున్నట్టుండేది.

ఇదంతా నవ్వులాటగానే సాగి ఉండేది, ఆర్కెస్ట్రా పెద్ద రాకపోతే. ఆయన మరిదితో ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషి. మద్రాసునుంచి గిటారుబల్లను అడగడానికే వచ్చాడు. ఇప్పుడు అందరూ కీబోర్డుతో సరిపెడుతున్నారు, నిజమైనది నాకు కావాలి, వాయించే పిల్లవాడు ఉన్నాడు, ఇచ్చెయ్యి అన్నాడు. మరిది నా వైపు చూశాడు.

నేను మొహమాటం లేకుండా అడిగాను. “ఇది పోతే నా కాళ్ళు ఏం చెయ్యాల?”

ఆర్కెస్ట్రా పెద్దకు ఏమీ అర్థం కాలేదు. మరిదికి అర్థమైంది. “ఇరవై రోజుల్లో సిత్తూరులో పెండ్లి కచేరీ ఉండాది కదప్పా. అందులో ఒక్క పాట మా వదిన వాయిస్తాది. బారు కింద పడకుండా వాయిస్తే ఇది ఇంట్లోనే ఉంటాది. పడితే ఆడినుంచి అట్నే నీ వ్యానులో ఎక్కించుకో,” అన్నాడు.

“ఏం వదినా, సరేనా?” అన్నాడు నాతో.

“నువ్వే సెప్పేసి నన్నెందుకు అడగతావు,” అన్నాను. 

ఇక బారు వేట. ముందు తిరుపతి పోయాను. వాయిద్యాల అంగట్లో అడిగితే, అంగటాయన ఎప్పుడూ ఆ పేరు వినలేదు. అయినా ఒప్పుకోలేదు. “తీగల మీద జరిపేదే కదమ్మా,” అని ఒక గాజుగొట్టం తీసి ఇచ్చాడు. వేలికి తొడుక్కుని మామూలు గిటారు మీద జరుపుతారట. చిటికెన వేలికి తొడిగి చూశాను. బాగానే ఎక్కింది. ఎక్కడం వరకే దాని పని.

అంగటాయన లాగాడు. అంగటాయన తమ్ముడు లాగాడు. సబ్బునీళ్ళు తెచ్చారు. చివరికి అంగటాయన చేతులు జోడించి, “వేలు వాపు తగ్గినాక వస్తాది, ఇంటికి తీసుకోని పోమ్మా,” అన్నాడు. గాజువేలుతోనే నగరి బస్సు ఎక్కాను. కండక్టరు టికెట్టు ఇస్తూ నా చేతి వంక చూశాడు.

“ఏందవ్వా అది, వేలు విరిగిందా?”

“లేదప్పా. సంగీతం.”

 పుత్తూరు దాటాక వేలు చల్లబడి గొట్టం దానంతట అదే జారి, కిటికీలోంచి వెళ్ళిపోయింది.

తర్వాత మరిది తన సావాసగానికి కబురు పెట్టాడు. ఆయన బంగారుపాళ్యంలో మామిడిగుజ్జు లారీలు బాగుచేసే మెకానిక్కు. పాత ఇంజనులోంచి తీసిన పిస్టన్ పిన్ను ఒకటి పంపాడు. నున్నటి గుండ్రటి ఉక్కు, మంచి బరువు. మరిది దాన్ని చూసి మురిసిపోయాడు. నేను పెడలు తొక్కాను. పిన్ను నా రొమ్ముకు తగిలి, అక్కడినుంచి యథాప్రకారం వేలి మీదికి పోయింది. చీరకు నల్లటి మడ్డి అంటింది.

ఇంట్లో దొరికిందల్లా పట్టుకున్నాను. అత్త దగ్గుమందు సీసా పెట్టి చూశాను. తొక్కగానే చేయి సీసాను పైకెత్తి మూడుసార్లు కుదిపింది. చపాతీల కర్ర ముక్క పెట్టాను. అది దొర్లుకుంటూ పోయింది. పదో రోజుకు ఏదీ మిగల్లేదు. అత్త భోజనానికి లేచినప్పుడు, ఆమె ఆకువక్క దంచుకునే చిన్న ఇనుపరోకలి తీసుకున్నాను. జానెడు పొడవు, వేలంత లావు, కొన గుండ్రం. అత్తకు పండ్లు ఊడినప్పటినుంచి అరిగి అరిగి పట్టులా అయింది. పట్టుకోగానే హాయిగా అనిపించింది. మీటి, పెడలు తొక్కాను. నా చేయి రోకలి ఎత్తి పది తీగల మీద టంగుటంగుమని మూడు పోట్లు వేసింది.

మరిది చెవులు మూసుకున్నాడు. నాకు మాత్రం అప్పుడు తెలివి వచ్చింది.

“అబ్బయ్యా, నా సెయ్యికి పిచ్చి కాదు. దాంట్లో ఏది పెడితే ఆ పని సేస్తా ఉండాది.”

ఎట్లాగంటే, మగ్గంలో తొక్కుడుకర్ర తొక్కగానే కుడిచేయి తాడు గుంజి, అడ్డపోగు మోసే నాడెను అటునుంచి ఇటు పరిగెత్తిస్తుంది. ఎడమచేయి ఎదురుగా వేలాడే పలకను రొమ్ముకేసి లాగి పోగును దగ్గరికి కొడుతుంది. నలభై ఏళ్ళు, రోజుకు ఎన్ని వేలసార్లో. మరిది బారు లావు సరిగ్గా ఆ పలక పిడి లావు. పిస్టన్ పిన్నూ అంతే. లావుగా గుండ్రంగా ఏదైనా చేతికి తగిలి, కాలు కింద ఏదైనా దిగితే, నా చేయి బట్ట నేసేస్తోంది. సీసా ఇస్తే మందు కుదుపుతోంది. రోకలి ఇస్తే దంచుతోంది. అంత విశ్వాసమున్న చేయిని పట్టుకుని ఇన్నాళ్ళూ తిట్టినందుకు సిగ్గేసింది.

“అట్లయితే పక్కకు జరిపే పని ఏదన్నా నీ సేతికి తెలుసా వదినా?” అన్నాడు మరిది.

 ఊడవడం తెలుసు, అది కుడిచేతి పని. నాలుగు రోజులు ఆలోచించాను. తోచలేదు.

ఆలోచిస్తే దొరకనిది చెమట వల్ల దొరికింది. రోకలి హాయిగా ఉంది కదా అని, అత్త భోజనానికి లేచినప్పుడల్లా అది తీసుకుని, దంచడం మానేలా చేయిని బతిమాలుతున్నాను. ఆ రోజు ఉక్కపోతకు రోకలి తోక జారుతోంది. నేతవాళ్ళ ఇంట్లో ఏది జారినా ఒకటే వైద్యం, నూలు చుట్టడం. కత్తెరకు చుడతాం, కొడవలికి చుడతాం, మా ఆయన ఉన్నప్పుడు సైకిలు పిడికి చుట్టాడు. చేతికందిన నూలు తీసి, రోకలి తోక వైపు, తీగలకు తగలని చోట, గట్టిగా చుట్టాను. బొటనవేలూ చూపుడువేలూ ఆ నూలు మీద పెట్టాను. మీటాను. తొక్కాను.

చేయి పక్కకు పోయింది.

నిదానంగా, నొక్కకుండా, కుడికి పోయింది. ఆగింది. ఎడమకు వచ్చింది. తీగ ఏడ్చినట్టూ నవ్వినట్టూ మోగింది. నేను నా చేతినే చూస్తున్నాను, ఎవరిదో చూసినట్టు. అప్పుడు గుర్తుకొచ్చింది. మగ్గం కన్నా ముందు రాట్నం ఉంది. ఏడేళ్ళ పిల్లప్పుడు మా అమ్మ నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టి, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టించేది. కుడిచేయి చక్రం తిప్పుతుంది. ఎడమచేయి నూలుపోగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కండె ఈ చివరనుంచి ఆ చివరకు, ఆ చివరనుంచి ఈ చివరకు నడిపిస్తుంది. నొక్కితే తెగుతుంది, వదిలితే వదులవుతుంది. వేళ్ళకు నూలు తగలగానే నా చేయి ఏడేళ్ళదయిపోయింది.

“అబ్బయ్యా,” అని పిలిచాను.  మళ్ళీ పిలిచాను.

మరిది వచ్చి, విని, మంచం మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పి లేని మనిషి అయితే ఎగిరేవాడు. నేను కచేరీకని మరిది నేర్పిన పాట చివరిదాకా వాయించి, మళ్ళీ మొదటినుంచి వాయించి, మూడోసారి వాయించబోతుండగా అత్త వచ్చి నిలబడింది.

“నా రోకలి యాడ?”

చూపించాను.

“తియ్యి. భోంచేసినాను. ఆకు కావాల.”

“అత్తా, ఇది నాకు కావాల.”

“అయితే నా పండ్లు నాకు తెచ్చియ్యి, రోకలి తీసుకో.”

న్యాయమైన మాటే. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషిని ఆకువక్క లేకుండా ఉంచడం పాపం, నాకే ప్రమాదం. అంగడినుంచి కొత్త రోకలి తెప్పిస్తానన్నాను. గరుకుగా ఉంటుందంది. పచ్చడిబండ ఇచ్చాను, ఆకుకు వెల్లుల్లి వాసన వస్తుందంది. ఇక చేసేది లేక, మరిది బారు, ఆ మెరిసే లావుకడ్డీ, ఆమె చేతిలో పెట్టాను.

“అమ్మా, వద్దు, అది మద్రాసునుంచి...” అని మరిది లేచేలోపు అత్త రోట్లో రెండు పోట్లు వేసింది. ఆగింది. కడ్డీని తిప్పి చూసింది. ఇంకో నాలుగు పోట్లు వేసింది. వక్క పిండైపోయింది.

“ఇది బాగుండాదే,” అంది. “దేనికి వాడతారురా దీన్ని?”

“తీగల మీద పెట్టి జరుపుతారమ్మా.”

“దానికింత మంచి రోకలి పాడు సేసుకుంటారా.”

ముప్పై ఏళ్ళు కొడుకు ఏం చేశాడో ఆమెకు అప్పుడు తెలిసిందనుకుంటాను. ఆ కడ్డీ మళ్ళీ ఆమె చేతిలోంచి రాలేదు. మరిది రెండు రోజులు అడిగి చూసి, మూడో రోజు తనే వెళ్ళి ఆమెకు ఆకులు తెచ్చిపెట్టాడు.

పెళ్ళి చిత్తూరులో, కల్యాణమండపంలో. ముహూర్తం అయిపోయి భోజనాల వేళ కచేరీ. మేం ముగ్గురమూ పోయాం. అత్త రోలు సంచిలో పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. పంక్తుల్లో సాంబారు బకెట్లు తిరుగుతున్నాయి. ఆర్కెస్ట్రా పెద్ద నన్ను చూసి నవ్వాడు. వ్యాను మండపం గుమ్మం ఎదురుగానే పెట్టించాడు, వెనక తలుపు తీసి. అది చూశాక నాకు భయం పోయి కోపం వచ్చింది. 

పాట మొదలైంది. నిదానంగా నడిచే పాత పాట. పాడే అమ్మాయి ఒక చరణం పాడాక నా వంతు. మీటాను, తొక్కాను. చేయి పక్కకు పోయింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ పక్కకే. సాంబారు వడ్డించేవాడు ఒకడు బకెట్టు పట్టుకుని ఆగిపోయాడు. లోపల నవ్వు పొంగుతోంది, పెదవి కరుచుకుని ఆపుతున్నాను.

అప్పుడు నూలు కొస ఊడింది.

సన్నటి తెల్లటి కొస, రోకలి తోకనుంచి లేచి, ఫ్యాను గాలికి ఊగుతోంది. ఎవరికీ కనిపించదు. నేతమనిషికి వీధి చివరనుంచి కూడా కనిపిస్తుంది. ఊడిన పోగు చూస్తే మగ్గం ఆగిపోవాలి. అది మాకు మా తల్లిదండ్రులు నేర్పిన మొదటి పాఠం. చూసుకోకుండా ఒక్క పోటు వేసినా బట్ట పాడవుతుంది. నా ఎడమకాలు ఆగిపోయింది. సగం తొక్కిన బి పెడలు సగంలోనే నిలిచింది. స్వరం ఎక్కకుండా దిగకుండా మెట్టు మధ్యలో నిలబడిపోయింది.

నేను ఆపకూడదని నాకు తెలుసు. కాలికి తెలియదు. నూలు ఇంకో చుట్టు ఊడితే వేళ్ళకు ఇనుము తగులుతుంది, ఇనుము తగిలితే చేయి దంచుతుంది. మరిది వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తబలా ఆయన నా కోసం చేయి ఆపాడు. పాడే అమ్మాయి ఊపిరి తీసుకుని ఆగింది.

చేయగలిగింది ఒకటే. కొస కట్టేయాలి. ఎడమచేత్తో రోకలిని తీగల మీద సన్నగా ఊపుతూ మోగనిచ్చాను. స్వరం సన్నగిల్లకుండా కుడికాలితో శబ్దం మెల్లగా పెంచాను. కుడిచేతి రెండు వేళ్ళతో, తొడుగులతోనే, కొస పట్టుకుని చుట్టు కిందికి దూర్చి బిగించాను. తెగిన పోగు ముడెయ్యడానికి నేతమనిషికి ఎంతసేపు పడుతుంది? అంతే. పోగు కుదరగానే ఎడమకాలికి ప్రాణం వచ్చింది. సగంలో ఆగిన బి పెడలు అడుగుదాకా దిగింది. ఇంతసేపూ మధ్యలో వేలాడిన ఆ స్వరం వచ్చి తన చోట కూర్చుంది.

భోంచేస్తున్న వాళ్ళలో ఎవరో “అబ్బా” అన్నారు. చప్పట్లు వచ్చాయి, ఎంగిలి చేతులతోనే. పాట అయిపోయేదాకా రోకలి నా చేతిలోనే ఉంది. వేలి గోరు మీద ఏమీ పడలేదు.

ఆర్కెస్ట్రా పెద్ద నేరుగా నా దగ్గరికి వచ్చాడు. “ఆ నిలిపింది ఉండాదే, మధ్యలో, అట్లా నిలపడం ఎవరు నేర్పించినారమ్మా? నీ మరిది ఒక్కరోజు కూడా అట్లా నిలపలేదు.”

“పోగు ఊడింది. కట్టుకున్నా.”

ఆయన అది ఏదో సంగీతం మాట అనుకుని తల ఊపాడు. తర్వాత బారు చూపించమన్నాడు. చేతిలోకి తీసుకుని, తిప్పి, వాసన చూశాడు. “ఇదేంది, వక్క వాసన వస్తా ఉండాది. ఇట్లాంటిది యాడ దొరుకుతాది?”

“యాడా దొరకదప్పా. ముందు అత్తకు పండ్లు ఊడాల.”

మొదటి వరసలోంచి అత్త ఆ మాట విన్నది. రోట్లోంచి మెరిసే కడ్డీ పైకెత్తి ఆయనకు చూపించింది. ఆయన దాన్ని గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్ళు ప్రతి కచేరీలో చూసిన కడ్డీ. మరిది వైపు తిరిగాడు. మరిది కల్యాణమండపం కప్పును పరిశీలిస్తున్నాడు.

వ్యాను వెనక తలుపు మూసుకుని మద్రాసు వైపు ఖాళీగా పోయింది. గిటారుబల్లను మరిది ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, పక్కనే కూర్చుని, ఒక చేయి దాని మీద వేసుకుని వెళ్ళాడు. నేనూ అత్తా బస్సెక్కాం. అత్త కిటికీ పక్కన నిద్రపోయింది, సంచి ఒళ్ళో పెట్టుకుని. నాకు నిద్ర ఎక్కడ వస్తుంది. చేతిలో రోకలి, వేళ్ళ మధ్య నూలు. మడమలు వాటంతట అవే లేచి దిగుతున్నాయి.

ముందు సీటాయన వెనక్కి తిరిగి, నా కాళ్ళ వైపు చూసి, నా మొహం వైపు చూశాడు.

“సి పెడలు,” అని చెప్పాను.